నాన్నకి, ఎయిబార్ నుంచి

ఎయిబార్, స్పెయిన్
2025 ఏప్రిల్ 13

నాన్నా,

ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయని తమ్ముడు చెప్పాక మనసు కుదుటపడింది. ఫోన్‌లో ఏం చెప్పినా "సరేలేమ్మా" అని ఊరుకుంటావు. అదే ఉత్తరమైతే షాపు బల్ల సొరుగులో దాచుకుని నాలుగుసార్లు చదువుతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నిన్న మా ఊళ్లో సైకిల్ పందెం ముగిసింది. ఆరు రోజులు స్పెయిన్ ఉత్తరాన ఉన్న మా బాస్క్ ప్రాంతమంతా చుట్టి చివరికి ఇక్కడికే చేరింది. దాని పేరు ఇట్సులియా. బాస్క్ భాషలో ఆ మాటకి చుట్టి రావడం అని అర్థం. ఇంటికి తిరిగి రావడాన్నీ దాదాపు అదే మాటతో చెబుతారు. మనకీ అంతే కదా, ఊళ్లు తిరిగినా తిరగడమే, ఇల్లు చేరినా తిరిగి రావడమే. ఐరోపాలో ఏ భాషతోనూ చుట్టరికం లేని భాష అంటారు దీన్ని. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నాకు మనవాళ్ల మధ్య ఉన్నట్టే అనిపించింది.

ఈ ఊరి సంగతి నువ్వు వినాలి నాన్నా. ఇరుకు లోయ, రెండు పక్కలా కొండలు. వందల ఏళ్లుగా ఇక్కడివాళ్ల వృత్తి తుపాకులు చేయడం. ఓర్బెయా కంపెనీ 1840లో తుపాకులతోనే మొదలైంది. బెయిస్టెగి అన్నదమ్ములు 1909లో పెట్టిందీ తుపాకుల కార్ఖానాయే. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక గిరాకీ పడిపోయింది. చేతిలో పనితనం ఉంది, మిషన్లున్నాయి, ఉక్కు గొట్టం సంగతి వీళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ గొట్టాలతోనే సైకిల్ ఫ్రేములు కట్టడం మొదలుపెట్టారు. అన్నదమ్ములు 1923లో దిగారు, కొన్నేళ్లకి ఓర్బెయా కూడా వచ్చింది. 1935లో స్పెయిన్ దేశమంతా చుట్టే పెద్ద పందెం మొదటిసారి జరిగినప్పుడు గెలిచిన బెల్జియం కుర్రాడు గుస్టాఫ్ డెలూర్ తొక్కింది ఆ అన్నదమ్ముల సైకిలే.

ఇట్సులియా అంతకంటే పాతది. 1924లో బిల్బావో నగరంలోని ఎక్సెల్సియుస్ అనే ఆటల పత్రిక దాన్ని మొదలుపెట్టింది. తొలి ఏడాది ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ పెలిసియే గెలిచాడు. 1935లో ఇటలీ వాడు జీనో బర్తాలీ గెలిచాడు, అప్పటికి అతనికి ఇరవై ఒక్కేళ్లు. ఆ మరుసటి ఏడాదే ఇక్కడ అంతర్యుద్ధం. పందెం ఆగిపోయింది. 1937 ఏప్రిల్‌లో విమానాలు బాంబులు వేస్తే ఎయిబార్ నేలమట్టమైంది. మా వీధిలో ఉన్న ఇళ్లన్నీ ఆ తర్వాత కట్టినవే.

మళ్లీ ఆ పేరుతో పందెం జరిగింది 1969లో. అంటే ముప్పై ఏళ్ల పైమాటే. ఆ ఏడాది గెలిచింది జాక్ ఆంక్తీల్. ఫ్రాన్స్ దేశం చుట్టే పెద్ద పందెం, టూర్ ద ఫ్రాన్స్, అయిదుసార్లు గెలిచిన మహానుభావుడు. ముప్పై అయిదేళ్ల వయసులో వచ్చి ఇది గెలిచి, ఆ ఏడాదితోనే పందేలు మానుకున్నాడు. పుస్తకాల్లో అందరూ ఆయన పేరే రాస్తారు. నాకైతే ఈ ఊరి సైకిల్ క్లబ్బు వాళ్లే గొప్పనిపిస్తుంది. పాత పందెం లేని రోజుల్లో, 1952లో, తమ ఊరి సైకిల్ పేరు మీదే ఓ పందెం పెట్టుకుని నడిపారు. తర్వాత ఆ రెండూ ఒకటైపోయాయి. ఇట్సులియా ఈ ఊరికి అతుక్కుపోయింది అందుకే.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1978లో దేశమంతా చుట్టే పందెం ఇక్కడికొచ్చినప్పుడు రాజకీయ గొడవలు జరిగాయి. ఆ తర్వాత ముప్పై మూడేళ్లు, 2011 దాకా, అది బాస్క్ నేల తొక్కలేదు. అన్నేళ్లూ ఇట్సులియా మాత్రం ఏటా వీళ్ల ఇంటిముందుకొచ్చింది. దాన్ని వీళ్లు సొంత పిల్లలా చూసుకోవడం నేను కళ్లారా చూస్తున్నాను.

ఇక్కడ రోడ్లు చదునుగా ఉండవు. ఎత్తు మొదలైతే గోడ ఎక్కినట్టే, దిగగానే మళ్లీ ఎత్తు. నిన్న పిల్లల్ని తీసుకుని ఊరి పైనున్న మలుపు దగ్గర నిలబడ్డాం. ముందు మోటారు సైకిళ్లు, తర్వాత కాసేపు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో చైన్ల చప్పుడు. ఒకతను చిన్నదాని చెయ్యి తగిలేంత దగ్గరగా వెళ్లాడు. ముక్కు కొసన చెమట బొట్టు వేలాడుతోంది, తుడుచుకోవడానికి హ్యాండిల్ వదల్లేడు. గెలిచింది పోర్చుగల్ కుర్రాడు జువావ్ అల్మేదా. గెలిచినవాడి నెత్తిన ఇక్కడ చపేలా పెడతారు. గుండ్రంగా, వెడల్పుగా ఉండే బాస్క్ టోపీ అది. వీళ్ల భాషలో విజేత అన్న మాటకి అర్థమే చపేలా ఉన్నవాడు అని.

మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటాడు. సైకిల్ ఫ్యాక్టరీలో ఫ్రేములు అతికే పని చేసి రిటైరయ్యాడు. మొన్న పెద్దాడి సైకిల్ చక్రం బెండు వస్తే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. సైకిల్ తలకిందులు పెట్టి, చక్రం తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనీ ఆననట్టు పట్టుకున్నాడు. ఎక్కడ గీత పడితే అక్కడ ఒక పుల్ల బిగించి, ఎదుటి పుల్ల వదులు చేశాడు. మళ్లీ తిప్పాడు. ఒక్కసారి చక్రానికి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. అచ్చం నువ్వే నాన్నా. గొంతులో ఏదో అడ్డం పడి నేను థ్యాంక్స్ కూడా చెప్పలేకపోయాను.

తర్వాత నీ గురించి చెప్పాను. నలభై ఏళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్నావనీ, గంటకింతని అద్దెకిచ్చిన సైకిళ్లతోనే మా ఇద్దర్నీ చదివించావనీ. ఎన్ని చక్రాలు కట్టి ఉంటాడు అని అడిగాడు. లెక్క లేదన్నాను. లోపలికెళ్లి తను వాడిన పుల్లల పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు, మీ నాన్నకి పంపు అని. పట్టుకునే చోట అరిగిపోయి నున్నగా ఉంది.

ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో పెట్టాను. మన సైకిల్ పుల్లల నిప్పిళ్లకి సరిపోతుందో లేదో చూసి తమ్ముడి చేత ఫోన్ చేయించు. ఆయన రోజూ అడుగుతున్నాడు.

నీ పెద్దమ్మాయి