పశువుల తొట్లు నింపండి
వడగాడ్పులు వీస్తున్నా ఊళ్లలో పశువుల నీటి తొట్లు ఖాళీగానే ఉంటున్నాయి, ఇది పంచాయతీల నిర్లక్ష్యమే. గేదెది నల్లటి చర్మం, పైగా చెమట గ్రంథులు తక్కువ. నీళ్లలో పడుకుంటే తప్ప దాని ఒంటి వేడి త్వరగా దిగదు. మా చెరువు మార్చికే అడుగంటింది. ఉపాధి హామీలో కట్టిన తొట్టిలో ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు పేరుకున్నాయి. మధ్యాహ్నం గేదెలు నాలుక బయటపెట్టి రొప్పుతున్నాయి, సాయంత్రం చూస్తే పాలు బాగా తగ్గిపోతున్నాయి. వాటి వెంట తిరిగేది ఎక్కువగా ముసలివాళ్లే, వాళ్లకూ నీడ లేదు. 2015 మేలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయిన సంగతి అధికారులు అప్పుడే మరిచిపోయారా? తొట్లను రోజూ ఉదయం, సాయంత్రం నింపే బాధ్యత ఒకరికి అప్పగించాలి. పక్కనే కాపరుల కోసం తాటాకు పందిరి, మంచినీళ్ల కుండ పెట్టించాలి.
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా