మాత్ర మాత్రం మానకు

ఒరేయ్ రాంబాబూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండ్రోజులుగా బుర్రలోంచి పోవట్లేదు. "పండక్కి అందరం కలిసి తాగుతాం కదా, ఆ మూడు రోజులూ కొలెస్ట్రాల్ మాత్ర పక్కన పెట్టేస్తా" అన్నావు. అప్పుడు పక్కన పిల్లలున్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం, ఓపిగ్గా చదువు.

నేనూ ఇదే పని చేశానురా. నాకు అటార్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర రాసిన కొత్తలో, శనివారం తాగితే ఆ రాత్రి మాత్ర వేసుకునేవాణ్ణి కాదు. ఆదివారం కూడా ఎందుకులే అని వదిలేసేవాణ్ణి. నాలుగు నెలలకి పరీక్ష చేయిస్తే చెడు కొలెస్ట్రాల్ అనుకున్నంత దిగలేదు. డాక్టరు డోసు పెంచబోతుంటే అప్పుడు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఒక పూట మానినంత మాత్రాన మాత్ర ఒంట్లోంచి పోదనీ, దాని పని మర్నాడూ నడుస్తూనే ఉంటుందనీ, మానినందువల్ల లివర్‌కి ఒరిగేదేమీ లేదనీ చెప్పారు. నువ్వు వేసుకునే రోసువాస్టాటిన్ మాత్ర అయితే 19 గంటలు గడిచాక కూడా సగం రక్తంలోనే ఉంటుందట.

మన ఒంట్లో కొలెస్ట్రాల్‌ ఎక్కువగా తయారయ్యేది లివర్‌లోనే. మాత్ర అక్కడికెళ్ళి ఆ తయారీని తగ్గిస్తుంది. తాగిన ఆల్కహాల్‌ని అరాయించుకోవాల్సిందీ ఆ లివరే. అది బాగుంటే, ఎప్పుడైనా కొద్దిగా పుచ్చుకున్నందుకు ఈ మాత్రతో పెద్ద ఇబ్బంది ఉండదు. రోజూ తాగేవాళ్ళకీ, ఒకే సిట్టింగ్‌లో ఎక్కువ లాగించేవాళ్ళకీ మాత్రం లివర్ దెబ్బతినడం, కండరాలు పాడవడం లాంటి ప్రమాదం పెరుగుతుంది. నీకు ఎస్జీపీటీ, అదే లివర్ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష, చేశారా? ఫ్యాటీ లివర్ ఉందేమో చూశారా? ఉంటే మాత్రం డాక్టరుని అడక్కుండా గ్లాసు ముట్టుకోకు.

నీ రిపోర్టులో నన్ను భయపెట్టింది ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు. 310 అన్నావు. తాగుడు వాటిని ఇంకా పెంచుతుంది. దానికి తోడు మంచింగ్ అని కోడి వేపుడూ, పకోడీలూ. ఆ ట్రైగ్లిజరైడ్స్ మరీ పెరిగిపోతే పొట్టలో ఉండే పాంక్రియాస్ గ్రంథి వాచి ఆసుపత్రిలో పడుకోవాల్సి వస్తుంది.

"విస్కీ మానేసి బీరే తాగుతాలే" అన్నావు కదా, ఆ లెక్క కూడా చూడు. మన విస్కీ 42.8 శాతం. 30 మిల్లీల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీల సీసాలో 41 గ్రాములు! ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం. నువ్వు రెండు సీసాలు అవలీలగా ఖాళీ చేస్తావు.

ఇంత తాగితే క్షేమం అనే కొలతే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నువ్వు పూర్తిగా మానేస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. మానలేనంటే, డాక్టరు సరేనన్నాకే, ఒక్క రాత్రి, రెండు చిన్న పెగ్గులు, అదీ అన్నం తిన్నాక. వారమంతా తాగలేదు కదా అని ఆ కోటా అంతా ఒకే రాత్రి తీర్చుకోకు. పొద్దున తలనొప్పి అని పారాసిటమాల్ మింగకు, అదీ లివర్ మీదే పడుతుంది. కారణం లేకుండా తొడలూ భుజాలూ నొప్పెట్టినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా పండగని చూడకుండా ఆసుపత్రికి పద.

ఇంకో మాట. ఎంత తాగుతావో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు. "అప్పుడప్పుడూ అండీ" అని నాన్చకు. మీ నాన్నగారు గుండెపోటుతో పోయిన రాత్రి ఆసుపత్రి మెట్ల మీద నీ పక్కన కూర్చున్నది నేనేరా. ఆ మెట్ల మీద ఇంకోసారి కూర్చునే ఓపిక నాకు లేదు.

భోగి నాటికి వచ్చేయ్. రిపోర్టులన్నీ పట్టుకురా, మాత్రల షీటు కూడా. రాత్రి భోంచేశాక ఇద్దరం కలిసే వేసుకుందాం.

నీ
సత్తి