40 మి.మీ. కిట్ ఆపేశాం, ఎందుకో నా నోటితోనే వినండి

గత ఎనిమిది నెలల్లో మన షాపులో పొట్టి స్ప్రింగుల కిట్ వేయించుకుని కారు ఎత్తు 40 మి.మీ. తగ్గించుకున్న (అదే, లోయరింగ్ చేయించుకున్న) వాళ్లందరికీ ఈ కబురు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనివ్వండి. మీలో కొందరి కార్లు గతుకుల్లో దబ్‌దబ్‌మని కొడుతున్నాయి. ఆ మాట చెప్పడానికి వచ్చిన వాళ్లని, "లోయరింగ్ అన్నాక ఆ మాత్రం ఉంటుంది సార్" అని సర్దిచెప్పి పంపించింది నేనే. ఒకరిద్దరితో రోడ్డుదే తప్పని కూడా అన్నాను. రోడ్డు తప్పు కాదు. పాత బ్యాచ్ కిట్‌తో ఇవే రోడ్ల మీద తిరిగిన కార్లకి ఈ గొడవ లేదు. ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

నా కళ్లు తెరిపించింది ఒక పాత కస్టమర్. నాలుగు కార్లు నా చేతి మీదే చేయించుకున్నాయన. ఇదే కంప్లయింట్‌తో మూడోసారి వచ్చి, "బాబూ, మా ఆవిడ వెనక సీట్లో కూర్చోనంటోంది. నేను నడుపుతాను, నువ్వు వెనక కూర్చో" అన్నారు. ఇన్నేళ్లలో నేను వెనక కూర్చుని టెస్ట్ చేసిన పాపాన పోలేదు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి గుంత ముందే కనబడుతుంది, ఒళ్లు దానంతటదే బిగుసుకుంటుంది. వెనకున్న వాళ్లకి ఆ సావకాశం ఉండదు. రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర నాలుక కొరుక్కున్నాను. ఆయన అద్దంలోంచి చూశారు గానీ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

షాపుకి రాగానే కారు లేపి, వెనక షాక్ అబ్జార్బర్ మీదున్న డస్ట్ కవర్ తీశాను. లోపలి బంప్ స్టాపర్, అదే షాక్ పూర్తిగా లోపలికి పోకుండా ఆపే ఆ పసుపు రంగు ఫోమ్ ముక్క, అంచులు రాలిపోయి పొడిపొడిగా ఉంది. షాక్ రాడ్డుకి ఒక జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) చుట్టి, షాక్ బాడీకి ఆనించి, కారు దించాను. షాక్ ఎంత లోపలికి పోతే టై అంత పైకి జరుగుతుంది, అక్కడే నిలబడిపోతుంది. గుంతల దాకా పోనే లేదు. షాపు గేటు దగ్గరున్న చిన్న ఎత్తు దాటి వెనక్కి వచ్చామంతే. టై వెళ్లి స్టాపర్‌కి అతుక్కుని ఉంది.

లోయరింగ్ అంటే స్ప్రింగ్ గట్టిది కాబట్టి ఒళ్లు హూనమవుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. స్ప్రింగ్ 30 శాతం గట్టిదైతే కారు ఊగే వేగం 14 శాతం పెరుగుతుంది, అంతే. తేడా తెలుస్తుంది గానీ నడుము విరగదు. అసలు నొప్పి చోటు లేకపోవడం వల్ల వస్తుంది. ఈ మోడల్‌లో కంపెనీ ఎత్తులో స్టాపర్ తగలడానికి 60 మి.మీ. దూరం ఉంటుంది. 40 దించితే మిగిలేది 20. అందుకే కాస్త గట్టి స్ప్రింగ్ వేసి ఆ 20లోనే నెట్టుకొస్తాం. అది దాటితే కారు బరువు స్ప్రింగ్ ఒక్కదాని మీదే కాదు, స్టాపర్ మీద కూడా పడుతుంది. స్టాపర్ నలిగేకొద్దీ గట్టిపడుతుంది. ఆ దెబ్బ నేరుగా బాడీకి, బాడీ నుంచి సీటుకి. ఈయన కారు టేపుతో కొలిస్తే మేం బిగించిన రోజు కన్నా 13 మి.మీ. కిందికి ఉంది. అంటే 20లో మిగిలింది 7. చిటికెన వేలు మందం కూడా లేదు.

స్ప్రింగులు కూర్చున్నాయి. ఎనిమిది నెలల్లో కూర్చోవాల్సిన స్ప్రింగులు కావవి.

ఇప్పుడు సప్లయర్ సంగతి. కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి. కాయిల్ స్ప్రింగ్ చుట్టి, వేడిచేసి, చల్లార్చి, రంగు వేస్తే పని అయిపోదు. మధ్యలో దాన్ని ప్రెస్ కింద పెట్టి కాయిల్‌కి కాయిల్ ఆనేదాకా నొక్కి వదలాలి, రెండుమూడు సార్లు. తగ్గాల్సిన పొడవు అక్కడే తగ్గిపోతుంది, ఆ తర్వాత కారు కింద ఇక తగ్గదు. దీన్నే ప్రీసెట్ చేయడం అంటారు. ఈ పని ఎగ్గొట్టినా కొత్త స్ప్రింగ్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. బిగించిన రోజు ఎత్తు కూడా సరిగ్గానే వస్తుంది. ఆ మిగిలిన నొక్కుడు మీ కారు, మీ గుంతలు చేసిపెడతాయి. కూర్చున్న స్ప్రింగ్ మెత్తబడుతుందా అంటే అదీ లేదు. గట్టిదనం అంతే ఉంటుంది, ఎత్తు మాత్రం పోతుంది.

నా దగ్గర ఆ బ్యాచ్‌వి వాడనివి నాలుగు మిగిలాయి. ఒకటి తీసి, సుద్దతో గుర్తు పెట్టి, ఇనుప బోనులో ఉంచి హైడ్రాలిక్ ప్రెస్‌తో మూడుసార్లు పూర్తిగా నొక్కాను. (ఇంట్లో ఎవరూ ఈ ప్రయోగం చేయకండి. నొక్కిన స్ప్రింగ్ జారితే ప్రాణం తీస్తుంది.) 11 మి.మీ. పొట్టిదైంది. రెండో దానికీ అంతే. పాత బ్యాచ్‌ది ఒకటి అటక మీద ఉంటే దించి అలాగే నొక్కాను. వెంట్రుకవాసి తగ్గలేదు.

ఫొటోలు పంపితే సప్లయర్ మొదటి జవాబు, "గుంతల్లో తిప్పితే ఏ స్ప్రింగైనా కూర్చుంటుంది." రెండో జవాబు, "మీ ఫిట్టింగ్ చూసుకోండి." ఆరేళ్లుగా సరుకు తీసుకుంటున్నాను, ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు. ఫిట్టింగ్ రాదన్నది నన్ను! ఆ రాత్రి అన్నం సయించలేదు. ప్రెస్ కింద నొక్కిన వీడియో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, ఇంతవరకూ సమాధానం లేదు. డబ్బు తిరిగి ఇస్తాడో లేదో నాకు అనవసరం. ఇక అతని స్ప్రింగ్ నా గేటు దాటదు.

అయితే ఒక ముక్క ఒప్పుకోవాలి, చేదుగానే ఉంది. కోపంతో అన్ని కార్లూ మళ్లీ చెక్ చేస్తుంటే రెండింట్లో మా ఫిట్టింగ్ తప్పు కూడా బయటపడింది. ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారుకి కలిపే కింది చెయ్యి) బోల్టులు కారు లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా బిగించేశారు. అలా చేస్తే కారు దించగానే ఆర్మ్ కీలు దగ్గరుండే బుష్‌లోని రబ్బరు మెలిపడుతుంది, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది. చిన్న చిన్న కంకర అదురు కూడా లోపలికి వచ్చేది అందుకే. చక్రాల మీద బరువు పడ్డాకే ఆ బోల్టులు బిగించాలి. నేర్పాల్సింది నేను, చూసుకోవాల్సిందీ నేను. కుర్రాడిని ఏమీ అనలేదు. సప్లయర్‌కి మాత్రం ఈ ముక్క చెప్పను.

పదిహేను రోజులు నిద్ర పట్టనిది వీటి గురించి కాదు, ఆ 40 గురించి. మంచి స్ప్రింగులు వేరేచోట దొరికాయి. మళ్లీ 40 వేసేసి చేతులు దులుపుకోవచ్చు. షాపుకి పేరొచ్చిందే ఆ 40తో, చక్రానికీ ఆర్చికీ (చక్రం పైనుండే బాడీ వంపుకీ) మధ్య ఆ సన్నటి సందుతో. కానీ వెనక సీట్లో కూర్చున్నాక మనసు ఒప్పుకోలేదు. పొడవు తగ్గని స్ప్రింగ్ వేసినా మిగిలేది 20 మాత్రమే. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే అదీ పోతుంది. 25 దించితే 35 మిగులుతుంది. రోజూ గతుకుల్లో తిరిగే కారుకి ఇక 25 దాటి దించను. సగం మంది పక్క షాపుకి పోతారని తెలుసు. పోనివ్వండి. అక్కడ గ్రైండర్‌తో కాయిల్ కోసి ఇస్తారు. ఆరు కాయిళ్లలో ఒకటి కోస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది, కోసిన కొన స్ప్రింగ్ ఆనే చోట సరిగ్గా కూర్చోదు. ఆ పని నేను ముందూ చేయలేదు, ఇక మీదటా చేయను. స్టాపర్ కోసి చోటు చేయమనే వాళ్లకీ అదే జవాబు. స్టాపర్ ఆపాల్సిన దెబ్బ అప్పుడు షాక్ లోపల తగులుతుంది.

మీరు చేయాల్సింది ఇది. సమతలంగా ఉన్నచోట కారు ఆపి, చక్రం నడిమధ్య నుంచి ఆర్చి అంచుదాకా నాలుగు వైపులా కొలవండి. మీ జాబ్ కార్డు మీద బిగించిన రోజు కొలత నా చేతిరాతలో ఉంటుంది. 5 మి.మీ. కన్నా ఎక్కువ తగ్గితే ఫోన్ చేసి రండి. 25 మి.మీ. స్ప్రింగులు, కొత్త స్టాపర్లు, అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు సర్దడం అన్నీ మా ఖర్చే. కొత్త స్ప్రింగ్ ప్రతిదీ మా ప్రెస్ కింద నొక్కి, పొడవు తగ్గలేదని మీ కళ్లముందే కొలిచాకే కారెక్కుతుంది. లోయరింగే వద్దనుకుంటే కంపెనీ స్ప్రింగులు తిరిగి వేసి, కిట్ డబ్బు ఇచ్చేస్తాను. అలా ఇద్దరు అడిగారు, ఇచ్చాను, బాధేసింది, అయినా ఇచ్చాను.

ఈలోగా కుదుపు తగ్గుతుందని టైర్లలో గాలి తగ్గించకండి, రిమ్ము వంగుతుంది. 17 అంగుళాల చక్రాలు వేయించుకున్న వాళ్లు ఇంకో మాట కూడా వినాలి. 15 అంగుళాల చక్రానికి వేసే 195/65 R15 టైరు పక్కగోడ 127 మి.మీ. ఉంటే, 205/45 R17ది 92 మి.మీ. మాత్రమే. ఆ పోయిన 35 మి.మీ. రబ్బరు మెత్తదనం ఏ స్ప్రింగూ తెచ్చివ్వలేదు. దాన్ని మాత్రం నా ఖాతాలో రాయకండి.

ఆ పెద్దాయన కారుకి మొన్న గురువారం 25 వేశాం. ఈసారి వాళ్ల ఆవిడ కూడా వచ్చారు. నేను ముందు కూర్చున్నాను, ఆమె వెనక, అదే రోడ్డు, అవే స్పీడ్ బ్రేకర్లు. తిరిగొచ్చాక ఎలా ఉందమ్మా అని అడిగితే, సీటు కవర్ గుచ్చుకుంటోందన్నారు. అది మేం వేసింది కాదు.