వరంగల్ చౌరస్తాలో కలిసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మొన్న ఆదివారం పాతసామాన్ల దుకాణంలో నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) సిరా పెన్ను దొరికింది. రాజమండ్రి రత్నం పెన్ను! 1930లలో మొదలైన ఆ స్వదేశీ పెన్ను కోసం ఎన్నేళ్లుగానో వెతుకుతున్నాను. పాళీ నిండా ఎండిన సిరా. వేడినీళ్లలో వేస్తే వదులుతుందా అని దుకాణదారుణ్ని అడుగుతుంటే, పక్కన ఇత్తడి సిరాబుడ్డి చూస్తున్న మీరు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు బిడ్డా, వేడినీళ్లు తగిల్తే ఎబొనైట్ నలుపు పోయి మట్టిరంగుకు తిరుగుతది."

పాళీ, దాని కింది నాలుక మెల్లగా బయటకు లాగి, చల్లనీళ్లతో కడగమన్నారు. సిరా కారకుండా మరలకు సిలికాన్ గ్రీజు రాయమన్నారు, గోరు చివరంత చాలట. పేరు అడిగేలోపే మీ బస్సు వచ్చేసింది.

రాత్రి ఆ పెన్నుతోనే నాన్నకు ఉత్తరం రాశాను. ఒక్క చుక్క కారలేదు. మీకు నా నమస్కారాలు, పెద్దయ్యా.