రింగు రోడ్డు సరే, బస్సేదీ?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో హైదరాబాద్ శివార్లలోని కోకాపేట, నార్సింగి టవర్ల మీద రంగుల ఫోటోలతో రెండు పేజీలు వేశారు. బాగున్నాయి. కానీ అంత వ్యాసంలో బస్సు ఊసే లేదు.

మా వైపు ఊరు ఇంతగా పెరిగిందంటే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పుణ్యమే. దాని మీదికి బైకును రానివ్వరు, ఆటోను రానివ్వరు, నడిచేవాళ్ల సంగతి సరేసరి. మరి కారు లేనివాళ్ల గతేమిటి? పొద్దున్నే లింగంపల్లి స్టేషన్ బయటికి వచ్చి చూడండి. ఆ టవర్లలో అంట్లు తోమే ఆడవాళ్లు, వాచ్‌మెన్లు, లిఫ్టు మెకానిక్కులు ఎంఎంటీఎస్ లోకల్ రైలు దిగి షేర్ ఆటోల వెంట పడుతుంటారు. డ్రైవర్‌కు చెరో పక్క ఒకరు, వెనక ఐదుగురు. గట్టి వాన పడితే అండర్‌పాసులో నీళ్లని ఆటో ఇవతలే దించేస్తుంది. అక్కణ్నుంచి చెప్పులు చేత పట్టుకుని సర్వీసు రోడ్డు మీద నడక. ఫుట్‌పాత్ అంటారా, అది బ్రోషర్‌లో ఉంది.

1932లో నిజాం సర్కారు బస్సులు మొదలుపెట్టినప్పుడు ఉన్నవి 27. అయినా వాటిని నడిపింది రైల్వేనే కాబట్టి రైలు దిగినవాడు ఎటు పోవాలో చూసుకోవలసిందీ ఆ శాఖే. ఇప్పుడు రైలు ఒకరిది, బస్సు ఒకరిది, మెట్రో ఇంకొకరిది, రోడ్డు మరొకరిది. ఎవరినడిగినా మా పరిధి కాదంటారు. టవర్‌కు పర్మిషన్ ఇచ్చేటప్పుడు మాత్రం ఏ పరిధీ అడ్డం రాదు.

పాతబస్తీ గోడు ఇంకోరకం. 1591లో చార్మినార్ కట్టిన నాటి నుంచీ జనం ఉన్న చోటది. 2020లో సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చిన మెట్రో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గరే ఆగిపోయింది. పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా పోవలసిన ఐదున్నర కిలోమీటర్లు కాగితాల మీదే మిగిలాయి. 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన చేశారు. ఈ ఊళ్లో శంకుస్థాపనలకు ఎప్పుడూ లోటు లేదు లెండి.

ముప్పై, నలభై అంతస్తుల ఫైలు మీద సంతకం పెట్టే ఆఫీసరు, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించమని బిల్డర్‌ను ఎందుకు అడగడు? పార్కింగ్ లెక్కయితే ముక్కుపిండి అడుగుతున్నారు కదా!

- ఒక పాఠకుడు, తెల్లాపూర్