ఫాయిల్‌కు ఒక్కరు చాలరు, జట్టు కావాలి

గౌరవనీయులైన క్రీడాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫెన్సింగ్ (కత్తిసాము క్రీడ)లో ఒక రకమైన ఫాయిల్ మహిళల జట్టు ఫైనల్‌లో అమెరికా 45-39తో ఇటలీని ఓడించింది. అలాంటి పోటీ ఆడాలని మన హైదరాబాద్ అమ్మాయిలకూ ఉంది.

జట్టులో ఆడేది ముగ్గురు, అదనంగా ఒకరు. ప్రతి అమ్మాయీ ఎదుటి ముగ్గురితోనూ తలపడాలి. మొత్తం 9 పోరాటాలు. స్కోరు మాత్రం ఒకరి నుంచి మరొకరికి అందుతూ పోతుంది. ఒకరు వెనకబడితే ఆ లోటును తర్వాతి అమ్మాయి 3 నిమిషాల్లో పూడ్చాలి. విడివిడి సాధనతో ఇది అబ్బదు. మనమేమో ఆశ ఉన్న ఒక్కరినే ఎంచి పోషిస్తాం. అదేమి పొదుపో!

ఫాయిల్‌లో చేతికి, కాలికి తాకితే పాయింటు లేదు. తాకింది ఎక్కడో తేల్చడానికి లోహపు పోగుల పైకోటు, తీగలు, స్కోరు యంత్రం కావాలి. మధ్యతరగతి ఇంటికి ఇది మోయలేని ఖర్చు. నగరంలో 14 మీటర్ల పిస్టులు (పోటీ జరిగే పట్టీలు) రెండు, యంత్రాలతో సహా, సాయంత్రాలు అమ్మాయిల జట్లకు కేటాయించండి. సామగ్రి అరువివ్వండి.

మన దేశపు ఫెన్సర్ భవానీ దేవి టోక్యో ఒలింపిక్స్‌లో ఆడింది సేబర్ అనే మరో రకం ఫెన్సింగ్‌లో, ఒంటరిగా. మేము అడుగుతున్నది నలుగురి కోసం. వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దు ఉంటుందో లేదో లిఖితపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక క్రీడాకారిణి తల్లి,
తార్నాక, హైదరాబాద్