విటమిన్ పట్టికలో కనిపించని లెక్క

సంపాదకులు గారికి నమస్కారం.

ఇటీవల మీ ఆరోగ్య పుటలో జొన్నల గొప్పతనం గురించి వచ్చిన వ్యాసాన్ని, దాని పక్కన అచ్చువేసిన విటమిన్ల పట్టికను చదివాను. పాలమూరులో జొన్నరొట్టె తిని పెరిగినవాడిని కనుక ఆ పంటకు మళ్లీ గౌరవం దక్కుతున్నందుకు నాకు సంతోషమే. అయితే ఏ పదార్థంలో నియాసిన్, అంటే బి3 విటమిన్, ఎన్ని మిల్లీగ్రాములుంటే ఒంటికి అంతే అందుతుందన్న అర్థం వచ్చేలా ఆ పట్టికను ఇవ్వడం సరికాదు. చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం బోధించాను కనుక దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

నియాసిన్ నేరుగా చేసే పని తక్కువ. కణం దాన్ని ఎన్ఏడీ అనే సహ ఎంజైమ్‌గా మార్చుకుంటేనే అది పనికొస్తుంది. గ్లూకోజు విచ్ఛిన్నమయ్యేటప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను అందుకొని కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని శ్వాసక్రియ గొలుసుకు అప్పగించేది ఇదే. దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసే ఎంజైములకు కావలసిందీ ఇదే. ఈ పదార్థం జాడను 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్ట్ రసంలో కనిపెట్టారు. దీని తయారీకి మన శరీరం నియాసిన్ ఒక్కదానిమీదే ఆధారపడదు. మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా దీన్ని తయారుచేసుకుంటుంది.

పాల విషయంలో శాస్త్రవేత్తలకు ఎదురైన చిక్కు ఇక్కడే విడింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నతోనే కడుపు నింపుకునే పేదలను పెల్లాగ్రా అనే జబ్బు (నియాసిన్ అందక వచ్చేది) పీడిస్తున్న రోజుల్లో, అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించారు. 1937లో కాన్రాడ్ ఎల్వేహెమ్ కుక్కల్లో అలాంటి జబ్బును నికోటినిక్ ఆమ్లంతో, అంటే నియాసిన్‌తో, నయం చేశారు. కానీ పాలలో నియాసిన్ బహు తక్కువ, అయినా పాలు తాగేవారికి పెల్లాగ్రా రాదు. ఎందుకో 1945లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో తెలిసింది: ఆ లోటును పూడ్చేది పాలలోని ట్రిప్టోఫానే. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఒక మిల్లీగ్రాము నియాసిన్‌కు సమానమని పోషకాహార శాస్త్రం లెక్కగడుతుంది. కోడిగుడ్డునే తీసుకోండి, మీ పట్టిక ప్రకారం అందులో నియాసిన్ దాదాపు లేనట్టే, ఈ లెక్క ప్రకారం మాత్రం ఒక గుడ్డు ఒక మిల్లీగ్రాముకు పైగానే ఇస్తుంది.

అయితే ట్రిప్టోఫాన్‌ను ఎన్ఏడీగా మార్చే శక్తి అన్ని కణాలకూ సమానంగా ఉండదు. ఆ పని ప్రధానంగా కాలేయానిది. కాలేయ కణాలు ఎన్ఏడీని తయారుచేసి, దాన్ని విడగొట్టి, నికోటినమైడ్ (నియాసిన్‌కే మరో రూపం) రూపంలో రక్తంలోకి వదులుతాయి; మిగతా అవయవాల కణాలు దాన్ని తీసుకొని రెండే మెట్లలో మళ్లీ ఎన్ఏడీని కట్టుకుంటాయి. వాడకంలో ఎన్ఏడీ నుంచి ఊడిన నికోటినమైడ్‌ను కూడా కణం పారేయక తిరిగి వాడుకుంటుంది. ఇక కణం లోపలి పంపకం మరో కథ: మైటోకాండ్రియాలోకి ఎన్ఏడీని చేరవేసే ప్రోటీన్ మనుషుల్లో ఏదో తేలింది 2020లోనే. ఇప్పుడు యవ్వనం నిలుపుతాయంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఖరీదైన ఎన్ఏడీ క్యాప్సూళ్లను కొనేవారు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. మింగిన ఎన్ఏడీ ఉన్నదున్నట్టుగా కణాల్లోకి వెళ్లదు, దారిలోనే విడిపోతుంది.

మన జొన్న సంగతికి వస్తాను. దక్కన్ ప్రాంతంలో జొన్నే ఆధారంగా బతికిన కూలీ కుటుంబాల్లో ఒకప్పుడు పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాల మీది చర్మం నల్లబడి, గరుకై, పొలుసులుగా లేచేది. చొక్కా కప్పిన చోట మాత్రం మామూలుగానే ఉండి, రెండింటి మధ్య గీత గీసినట్టు హద్దు కనిపించేది. తర్వాత విరేచనాలు, ఆ పైన మతిభ్రమణం. మొక్కజొన్నతో పోలిస్తే జొన్నలో నియాసిన్, ట్రిప్టోఫాన్ అంత హీనంగా లేవు కదా, మరి జబ్బెందుకని ఆలోచించిన హైదరాబాదు పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో లూసిన్ అనే అమైనో ఆమ్లం వైపు వేలు చూపారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్, ట్రిప్టోఫాన్ ఎన్ఏడీగా మారే ఈ మార్పిడికి అడ్డుపడుతుందని వారి వాదన. తర్వాత అందరి ప్రయోగాలూ దాన్ని ఒకే తీరుగా సమర్థించలేదు కానీ, రోగం కేవలం ఒక విటమిన్ లోటు కాదన్న మాట మాత్రం నిలిచింది. ఈ మార్పిడికి బి2, బి6 కూడా కావాలి. అందుకే క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారిలో బి6 తగ్గిపోయి, అరుదుగానైనా, పెల్లాగ్రా రావచ్చు. తిండి మాని మద్యానికి అలవాటుపడినవారికీ ఆ ముప్పు ఉంది.

జొన్న తినవద్దని నేను అనను. మన ఇళ్లలో రొట్టె ఏనాడూ ఒంటరిగా పళ్లెంలోకి రాలేదు. పుంటికూర పప్పో, పల్లి తొక్కో పక్కన ఉండేది. పల్లీల్లో నియాసిన్ కూడా దండిగా ఉంటుంది, కందిపప్పు మాంసకృత్తులనిస్తుంది. ఆ పక్కది కొనలేని ఇళ్లకే జబ్బు వచ్చింది. జొన్నను పొగిడే వ్యాసాల్లో ఈ ముక్క కనిపించకపోవడం నన్ను బాధించింది.

కాబట్టి ఇకపై ఇలాంటి పట్టిక అచ్చువేసేటప్పుడు నియాసిన్ పక్కన ట్రిప్టోఫాన్ కలిపిన సమాన విలువకు కూడా ఒక గడి కేటాయించవలసిందిగా, చర్మం అలా నల్లబడితే సొంతంగా మాత్రలు కొనకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని పాఠకులకు ఒక వాక్యంలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
మహబూబ్‌నగర్